రిబ్బను పొదుపు

భయపెట్టడం చాలా కష్టమైన పనండీ. ఏడిపించడం అంత కష్టం కాదు. కథానాయిక తల్లిని రెండో ప్రకరణంలో ఆస్పత్రిలో చేర్పిస్తే చాలు, పాఠకురాలి కొంగు కళ్ళ దగ్గరికి వెళ్ళిపోతుంది. కానీ చదువుతున్న మనిషి లేచి వెళ్ళి వంటింట్లో లైటు వేసి రావాలంటే ఏం రాయాలో, ఇరవై ఏళ్ళుగా నవలలు రాస్తున్నా నాకింకా పట్టుబడలేదు. అందుకే ఆ విద్య తెలిసినవాళ్ళు ఎక్కడున్నారంటే అక్కడికి వెళ్ళి చూసొస్తుంటాను. ఈసారి వెళ్ళింది ఒక వీడియో గేములోకి.

నవ్వకండి. అది నిన్న మొన్నటిది కాదు. 1996లో జపాన్‌లో కాప్‌కామ్ కంపెనీవాళ్ళు ప్లేస్టేషన్ కోసం తయారుచేసిన ఆట. పేరు రెసిడెంట్ ఈవిల్. వాళ్ళ దేశంలో బయోహజార్డ్ అంటారు. దర్శకుడు షింజి మికామి. 2024లో ఆ పాత ఆటనే ఇప్పటి కంప్యూటర్ల మీద ఆడుకునేలా మళ్ళీ అమ్మకానికి పెట్టారు. సెలవులకు వచ్చిన మా తమ్ముడు నా కంప్యూటర్లో దాన్ని ఎక్కించి, "అక్కా, నీ నవలల్లో బంగళాలకంటే ఈ బంగళా నయం, చూడు" అన్నాడు. తోడబుట్టినవాళ్ళను మించిన విమర్శకులు ఎక్కడా దొరకరు గదా!

కథ చిన్నదే. అమెరికాలో రకూన్ సిటీ అనే ఊరి దగ్గర అడవుల్లో మనుషులు ఘోరంగా చచ్చిపోతూంటారు. ఆరా తీయడానికి వెళ్ళిన పోలీసు దళం మాయమైపోతుంది. వాళ్ళను వెతుక్కుంటూ వెళ్ళిన రెండో దళాన్ని కుక్కలు తరిమితే, ప్రాణాలు అరచేత పట్టుకుని ఓ పెద్ద బంగళాలో దూరతారు. లోపల చూస్తే నడిచే శవాలు! మనం క్రిస్ రెడ్‌ఫీల్డ్ అనే అబ్బాయిగానైనా ఆడొచ్చు, జిల్ వాలెంటైన్ అనే అమ్మాయిగానైనా ఆడొచ్చు. నేనెవర్ని ఎంచుకున్నానో వేరే చెప్పాలా?

వసారాలో నడుస్తూంటే కిటికీ అద్దాలు పగలగొట్టుకుని కుక్క మీదికి దూకిందా, నేను అరిచిన అరుపుకి పక్కింటి పిన్నిగారు వచ్చి తలుపు కొట్టారు. కానీ అలాటి ఉలికిపాటు ఎవరైనా పుట్టించగలరు. నన్ను అసలు భయపెట్టినవి లెక్కలు. తూటాలు కొన్నే. గాయాలు మానడానికి వాడే ఆకులూ కొన్నే. జిల్ ఎనిమిది వస్తువులకు మించి మోయలేదు. క్రిస్ అయితే ఆరే! "ఈ లెక్క కట్టినవాడికి పెళ్ళయి ఉంటుందిరా" అన్నాను. తాళంచెవి ఒక వస్తువు, తుపాకి ఒకటి, దాని తూటాలు ఇంకొకటి. దారిలో ఇంకేదైనా కనిపిస్తే దేన్ని వదలాలి? ఎదురొచ్చే శవాన్ని కాల్చడమా, పక్కనుంచి తప్పుకు పోవడమా? నెల ఇరవై అయిదో తారీకున నూనె డబ్బా వంచి చూసుకునే మనకి ఈ భయం ఎవరూ నేర్పక్కర్లేదు.

వీటన్నిటికంటే నా గుండె మీద కొట్టింది టైపు మిషను. అక్కడిదాకా ఆడింది పోకుండా భద్రపరుచుకోవాలంటే బంగళాలో ఏదో మూల ఉన్న టైపు మిషను దగ్గరికి వెళ్ళాలి. భద్రపరిచినప్పుడల్లా ఒక రిబ్బను ఖర్చు. రిబ్బన్లూ లెక్కగానే దొరుకుతాయి. వాడకుండా పొదుపు చేస్తే, మధ్యలో చచ్చిపోయినప్పుడు గంట ఆడిందంతా గాలికి పోతుంది. రాసింది పోతుందేమోనన్న భయం రచయిత్రికి వేరే వివరించాలా! ఇప్పటి ఆటల్లో చాలావాటికి ఈ బాధ లేదట, వాటంతటవే భద్రపరుచుకుంటాయట. పోయేదేమీ లేనప్పుడు ఇక భయమెక్కణ్ణించి వస్తుంది?

గది మారినప్పుడల్లా తెరంతా చీకటైపోయి, తలుపొక్కటే కిర్రుమంటూ మెల్లిగా తెరుచుకుంటుంది. నిజానికి అవతలి గదిని సిద్ధం చేసుకోవడానికి యంత్రానికి కాస్త వ్యవధి కావాలి. ఆ ఆలస్యాన్నే భయం కింద మార్చేశారు, గడుసువాళ్ళు! వారం వారం సీరియల్ రాసేవాళ్ళం మేం చేసేదీ అదేననుకోండి.

ఇక లోపాలు. జిల్ నడక చూస్తే ఇరుకు సందులో ఎడ్లబండిని తిప్పుతున్నట్టే ఉంటుంది. పక్కకి తిరగాలంటే నిలుచున్నచోటే గుండ్రంగా తిరిగి, అప్పుడు ముందుకి నడవాలి. కెమెరా గోడ మూలల్లో మేకు కొట్టినట్టు ఉంటుంది. ఎదురుగా ఉన్న శవం కనిపించదు, అడుగుల చప్పుడే వినిపిస్తుంది. "రెండూ కావాలనే పెట్టారక్కా" అని వాడి వాదన. కెమెరాని క్షమించాను. ఆ నడకని మాత్రం క్షమించలేదు. చూపించకపోవడం ఒక కళ, కాళ్ళు కట్టేయడం కాదు.

మాటలు మరీ అన్యాయం. పై నుంచి కప్పు దిగిపోతున్న గదిలో చిక్కుకున్న జిల్‌ను బారీ అనే సహోద్యోగి కాపాడి, కాస్తలో శాండ్‌విచ్ అయిపోయేదానివి అంటాడు. మన లెక్కలో పచ్చడి. అక్కాతమ్ముళ్ళం నవ్వీ నవ్వీ, పోయిన భయం మళ్ళీ రావడానికి అరగంట పట్టింది. 2002లో అదే దర్శకుడు ఆటని మళ్ళీ తీసినప్పుడు మాటలన్నీ తిరగరాయించారు, మంచిపని. పైగా ఇలా బారీ వచ్చి ఆదుకునే జిల్ దారే సులువైన దారిట. ఆడపిల్ల గదా అని కాబోలు! అయినా ఆ పిల్ల ఒంటిమీద సింగారం లేదు, ప్రేమా దోమా లేదు, వచ్చిన పని చూసుకుంటుంది. అవసరమైతే పియానో వాయించి రహస్యపు తలుపు కూడా తెరిపిస్తుంది.

చివరికొచ్చేసరికి భూమి అడుగున ప్రయోగశాల, దాని వెనక ఒక మందుల కంపెనీ, ఆఖర్న రాకెట్టుతో పేల్చెయ్యవలసిన మహా రాక్షసుడూ. కారణం తెలిసిపోయాక బంగళా చప్పబడిపోయింది.

ఆ చచ్చు మాటల మధ్యే ఒక డైరీ ఉంది. బంగళాలో జంతువులకి మేత వేసే మనిషి 1998 మే నెలలో రాసుకున్నది. మొదటిరోజు తోటివాళ్ళతో పేకాడిన కబుర్లు. తరవాత ఎవరో నిద్రలేపి ఒంటికి ఏదో రక్షణ సూటు తొడగమన్నారని. ఆపైన దురద. రోజురోజుకీ వాక్యాలు పొట్టివైపోతూ, చివరికి రెండు మాటలే మిగులుతాయి. ఒకటి దురద, రెండోది రుచి. మనిషి శవంగా మారడం ఎక్కడా చూపించలేదు. భాష ఒక్కొక్క మాటే వదిలి వెళ్ళిపోవడం చూపించారు, అంతే.

అది చదువుతూ తమ్ముడు ఆగిపోయాడు. నేనూ మాట్లాడలేదు. మా అమ్మ పద్దుల పుస్తకం ఒకటి నా బీరువాలో ఉంది. "పాలవాడికి బాకీ తీర్చాను, చిల్లర రావాలి", "చిన్నాడికి చొక్కా గుడ్డ, రంగు వాడికి నచ్చలేదు" - ఇలా కబుర్లు చెప్పినట్టు రాసేది. జ్ఞాపకం తప్పడం మొదలయ్యాక వాక్యాలు పోయి సరుకుల పేర్లే మిగిలాయి. తరవాత పక్కన అంకెలు పోయాయి. ఆఖరి పేజీల్లో అన్నిచోట్లా పాలు, పాలు, పాలు. ఆ రోజుల్లో తమ్ముడు దూరాన ఉద్యోగంలో ఉన్నాడు. ఆ పేజీలు వాడికి నేనెప్పుడూ చూపించలేదు.

"అమ్మ పుస్తకం ఉందా అక్కా?" అన్నాడు.

తెచ్చి చేతికిచ్చాను. నేను జిల్‌ను టైపు మిషను దాకా నడిపించుకుపోయి, ఉన్న రెండు రిబ్బన్లలో ఒకటి ఖర్చు పెట్టాను. వాడు చివరి పేజీలు తియ్యలేదు, మొదటినుంచి చదువుతున్నాడు. కాసేపటికి తలెత్తి, "ఆ చొక్కా రంగు నచ్చలేదని నేనెప్పుడన్నానక్కా!" అన్నాడు.