ఇసుకనేలకు పత్రిమొక్కలు

వినాయకచవితికి రెండుదినములు ముందు నెల్లూరిలో స్టోన్‌హౌస్‌పేట, సంతపేటల వైపు పోయినవారికి వీథుల కిరుప్రక్కల ఆకుల కుప్పలే కనబడును. మైపాడు మొదలగు తీరగ్రామముల స్త్రీలు పండుగ సరుకులకై నెల్లూరికే పోవుదురు. ఈ యేడు మేమును ఇరుగుపొరుగువారితో గూడి పోయితిమి. అయితే కోసిన పత్రికొఱకు గాదు, వేరుతోగూడిన మొక్కలకొఱకు. కోసిన పత్రి మఱునాటికి వాడిపోవును. మొక్క యింట నున్నయెడల పిల్లలు దానిని ఏడాదిపొడుగున జూచి గుర్తెఱుగుదురు.

మైపాడునుండి నెల్లూరు ఇంచుమించు 25 కిలోమీటర్లు. ఈ కొద్దిదూరములోనే నేల ముమ్మాఱు మాఱును. సముద్రపుటొడ్డున ఇసుకదిబ్బలు, సరుగుడుతోపులు. పిదప రొయ్యలగుంటలు, వాని నడుమ ఉప్పుదేఱిన కయ్యలు. ఇందుకూరుపేట చేరునప్పటికి పెన్న నీటితో పండు వరిచేలు. మొక్క కొనబోవువారు తమ యిల్లు ఈ మూటిలో నే నేలపై నున్నదో ముందుగా దలచుకొనవలయును. వరినేలలో ఏపుగా పెరుగు మొక్క ఇసుకలో నిలువకపోవచ్చును.

పత్రి యమ్మువారు రెండుతెఱగులవారు. కొందఱు నేలపై గోనెపట్టలు పఱచి ఆకులు పోసికొని కూర్చుందురు. కొందఱు తోపుడుబండ్లపై నల్లని సంచులలో మొక్కలు నిలిపికొందురు. బండ్లమీది మొక్కలు తూర్పుగోదావరి జిల్లాలోని కడియము తోటలనుండి లారీలపై వచ్చినవని అమ్మువారు చెప్పిరి. కడియము, కడియపులంక గ్రామములు నారుమొక్కలకు దేశమంతట బేరుగన్నవి. మేము మొక్కలు బండియొద్ద గొంటిమి గాని, వాని గుర్తులను నేలపై గూర్చున్న యొక యవ్వయొద్ద నేర్చితిమి.

“అవ్వా, బృహతీపత్ర మున్నదా?” యని యడిగితిమి.

“ఆ పేరు నాకు తెలవదమ్మా. ములకాకు కావాలా? ఇదిగో, ముల్లు చూసి పట్టుకో తల్లీ” యని యిచ్చినది.

రెండును ఒకటియే. పుస్తకములోని పేరు ఆమెకు దెలియదు. ఆకు గుఱుతు ఆమెకు దెలిసినట్లు పుస్తకము చెప్పజాలదు. మాచిపత్రి యాకు తిరుగవేసి చూపినది. అడుగున తెల్లని నూగు, నలిపిన ఘాటైన వాసన. ఉత్తరేణి కంకిని మా చీరచెఱగున కానించినది. అది పట్టుకొని విడువలేదు. వావిలి యొకకాడకు మూడో అయిదో ఆకులు గలది. “ఇది మీ ఇసకలో బతుకుద్ది తల్లీ. మాచిపత్రిని మాత్రం నీడ చూసి పెట్టుకో” యని చెప్పినది.

దేవదారు అడిగితిమి. అసలు దేవదారు హిమాలయవృక్షము. మన తీరపు వేడిమిలో పెరుగునది కాదు. మన ప్రాంతమున ఆ పేరు వేఱువేఱు చెట్లకు బెట్టుచున్నారు. కావున పేరు విని కొనుట చాలదు, ఆకు జూచి కొనవలయును.

సోదరీమణులారా, ఇది కేవలము పాండిత్యమునకు సంబంధించినమాట గాదు. పూజకు వలయు ఇరువదియొక్క పత్రములలో గన్నేరు, ఉమ్మెత్త, జిల్లేడు గలవు. గన్నేరు యాకు కొలదిగా తిన్నను గుండె చెడి ప్రాణము పోవచ్చును, పశువులకును అంతియే. ఉమ్మెత్తగింజలు తిన్నవారికి నోరెండి మతి చలించును. జిల్లేటిపాలు కంటబడిన చూపునకు చేటు. పూజ ముగిసిన పిదప ఈ పత్రిని పెరటిలో పాఱవేయుట, ఆవునకు వేయుట తగదు. పసిపిల్లలున్న యింట గన్నేరు నాటకుండుటయే మేలు.

ఆకులయందు గుణములు లేవని మా భావము గాదు. కాని గుణముండుట వేఱు, వ్యాధి మాన్పుట వేఱు. మైపాడునకు దక్షిణముననున్న కృష్ణపట్నమునకు 2021 మే నెలలో కరోనాకు మూలికల మందిత్తురని విని వేలకొలది జనులు వచ్చిరి. రాష్ట్రప్రభుత్వము మే 31వ తేదిని వానిలో కొన్ని మందులకు అనుమతి యిచ్చెను, కంటిచుక్కలకు ఈయలేదు. అయినను ఆ మందు కరోనాను మాన్పునని నిరూపింపబడలేదు. ప్రాణముమీదికి వచ్చినప్పుడు మూలికను నమ్మి వైద్యుని విడువరాదు.

మేము కొన్నవి తులసి, మరువము, మాచిపత్రి, వావిలి, జమ్మి. మొక్క యెంచునప్పుడు సంచి యడుగు జూడవలయును. వేళ్లు బయటికివచ్చి చుట్టలుచుట్టుకొన్నది ముదిరిన మొక్క. ఆకుల యడుగున పురుగు లేకుండవలయును. పొడుగాటి మొక్కకన్న కుదిమట్టముగా నున్నది మేలు.

నెల్లూరు తీరమున ముఖ్యవర్షము ఈశాన్యఋతుపవనమువలన అక్టోబరు మొదలు డిసెంబరు వఱకు గురియును. భాద్రపదమున ఎండ యింకను తగ్గదు. కావున కొన్న మొక్కలను వెంటనే ఇసుకలో నాటక, వానలు పట్టువఱకు కుండలలో బెట్టి నీడ నుంచవలయును. సంచిలోని వేళ్లచుట్టు జిగటమట్టిముద్ద యున్నయెడల, దానిని అట్లే ఇసుకలో బెట్టరాదు. పోసిన నీరు ముద్దను దడుపక ఇసుకగుండ జాఱిపోవును. ముద్దను నీట నానబెట్టి అంచులు మెల్లగా సడలించి, మాగిన పశువులయెరువును చెఱువుమట్టిని ఇసుకలో గలిపి నాటవలయును. బావినీరు ఉప్పనైనచో వాననీరు పట్టి పోయుట మంచిది. తుపానుగాలి వీచిన మఱునాడు ఆకులమీది యుప్పును మంచినీట గడుగవలయును.

ఇరువదియొక్క మొక్కలను పెంచుటకు అందఱి యిండ్లలోను చోటుండదు. ఇంటికి రెండేసి, మూడేసి చొప్పున ఒక వీథివారు పంచుకొని పెంచినచో, చవితినాడు ఒకరికొకరు ఇచ్చి పుచ్చుకొనవచ్చును. దానిచేత గుట్టలమీది చెట్లను విఱుచుట కొంతయైన దగ్గును. పిల్లలచేత పత్రి పేరులు చెప్పించునప్పుడు, ముట్టదగినవేవో, నోట బెట్టరానివేవో కూడ చెప్పింతము.