నందివెలుగు నుంచి రేపల్లెకి ఆరు గంటలా?

మావాడు నందివెలుగు నుంచి రేపల్లెకి ఆరు గంటల్లో నడిచాడని మేమే ఇక్కడ పోస్టు పెట్టాం. "లారీ ఎక్కాడేమో" అని ఒకన్న నవ్వాడు. మాకు ఒళ్లు మండింది. కానీ చూపించడానికి కాళ్ల బొబ్బలు తప్ప ఏమున్నాయి?

2014 మే 25న పదమూడేళ్ల మాలావత్ పూర్ణక్క ఎవరెస్ట్ ఎక్కింది. మన పిల్ల! 2016లో పుణె పోలీసు దంపతులూ ఎక్కామన్నారు. ఫొటోలు మార్చారని తేలి నేపాల్ పదేళ్లు నిషేధించింది. అమెరికాలో 3,500 కిలోమీటర్ల అప్పలాచియన్ దారిలో వేగం రికార్డు అంటే జీపీఎస్ జాడ అడుగుతారు. అడిగితే మనకెందుకంత ఉడుకు?

వచ్చే ఆదివారం తెల్లవారుజామున నాలుగింటికి మళ్లీ బయల్దేరతాం. తెనాలి, వేమూరు, భట్టిప్రోలు మీదుగా, ఫోన్లో జీపీఎస్ ఆన్ చేసి. నవ్విన అన్న సైకిలేసుకుని వెంట రావాలి. మజ్జిగ మాది.