పశువుల పెట్టె పుట్టిల్లు

జానెడున్నర పొడవున్న రేకు పెట్టె. బొమ్మ గూడ్సు బండికి తగిలించే పశువుల పెట్టె. లోపల ఆవులకు గాలాడాలని రెండు పక్కలా బారుగా చీలికలు, మధ్యలో పక్కకు జరిగే తలుపు, తలుపు పక్కన చిన్న ఇత్తడి రేకు. ఆ రేకు మీద ఐవ్స్ అని గుద్ది ఉంది. అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రం, బ్రిడ్జ్‌పోర్ట్ ఊళ్లో ఉండిన పేరున్న బొమ్మల కంపెనీ అది. పేరే రాసి ఉన్నాక ఎవరు చేశారన్న ప్రశ్న ఎందుకని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ ఐవ్స్ బొమ్మలు బాగా ఎరిగినవాళ్లు ఈ పెట్టెను చేతిలోకి తీసుకోగానే అనుమానంగా చూస్తారు. ఆ కంపెనీ సొంతంగా చేసిన పెట్టెల రూపం ఇది కాదు.

పెట్టె న్యూజెర్సీ రాష్ట్రం ఎడిసన్‌లో మా పక్కింటి పెద్దాయనది. ఆయనకు ఎనభై దాటాయి. వాళ్లమ్మ పెళ్లికి ముందు బ్రిడ్జ్‌పోర్ట్‌లో ఆ ఫ్యాక్టరీలో పనిచేసిందట. ఈ పెట్టె ఆమె చేతి పని అని ఇంట్లో అందరూ చెప్పుకుంటూ వచ్చారు. ఈమధ్య పాత బొమ్మలు కొనే వ్యాపారి ఒకతను చూసి, ఇది షికాగోలో అమెరికన్ ఫ్లయర్ కంపెనీ చేసిన పెట్టె, ఎవరో ఐవ్స్ రేకు అతికించారు, నకిలీ అని తేల్చేశాడు. పెద్దాయన అమ్మదలచుకోలేదు, ధరతో ఆయనకు పని లేదు. మనవరాలికి ఇవ్వాలి, ఇచ్చేటప్పుడు నిజం చెప్పి ఇవ్వాలి. అంతే ఆయన పట్టుదల. మా బాపు రైల్వేలో చేశాడని ఎప్పుడో నేను చెప్పిన మాట గుర్తుపెట్టుకుని, పెట్టెను గుడ్డలో చుట్టి మా ఇంటికి తెచ్చాడు.

బాపు కాజీపేటలో టీఎక్స్ఆర్‌గా, అంటే ట్రెయిన్ ఎగ్జామినర్‌గా చేశాడు. యార్డులోకి వచ్చిన గూడ్సు పక్కన సుత్తి పట్టుకుని నడుస్తూ ఒక్కో వ్యాగన్ ఆరోగ్యం చూడడం ఆయన ఉద్యోగం. పనికిరానిదైతే సిక్ అని రాసి సిక్ లైనుకు పంపాలి. వీడియో కాల్‌లో పెట్టెను చూపించగానే హనుమకొండ నుంచి ఆయన అన్న మొదటి మాట: "పక్కన రాసింది ఇడిసిపెట్టు బిడ్డా, బోర్లించు. కింద చూడు." గుంటుపల్లి వర్క్‌షాపుకు ఓవర్‌హాలింగ్‌కు పోయిన వ్యాగన్‌ను పైకి లేపి కింది చక్రాల చట్రాలు ఊడదీస్తారు. తిరిగి వచ్చేటప్పుడు దాని కింద ఉన్నవి మొదట ఉన్నవే కావాలని ఏమీ లేదు. పెట్టె ఒక కంపెనీది, చక్రాలు ఇంకో కంపెనీవి, బ్రేకు సామాను మరొకరిది. బాపుకు ఇందులో వింతేమీ లేదు. ఆయన జీవితమంతా చూసిన వ్యాగన్లు అలాంటివే.

బోర్లించి మొదట చక్రాల నడుమ దూరం కొలిచాం. 54 మిల్లీమీటర్ల పట్టా మీద నడిచే పెట్టె. ఈ ఒక్క కొలతతో సగం ప్రపంచం పక్కకు పోతుంది. జర్మనీ మెర్క్లిన్ వాళ్ల ఒకటో గేజి 45 మిల్లీమీటర్లు, అందరికీ తెలిసిన ఓ గేజి 32. రెండు అంగుళాల మీద ఎనిమిదో వంతు, అంటే ఈ 54 మిల్లీమీటర్ల కొలతను 1906లో మొదలుపెట్టింది న్యూయార్క్‌లో జాషువా లయొనల్ కవెన్ నడిపిన లయొనల్ కంపెనీ. స్టాండర్డ్ గేజ్ అన్న పేరును తనదిగా ఉంచుకుంది కాబట్టి మిగతావాళ్లు అదే పట్టాకు వైడ్ గేజ్ అని పేరు పెట్టుకుని అమ్మారు. ఐవ్స్ 1921లో దీనిలోకి మారింది. అమెరికన్ ఫ్లయర్ ఆ తర్వాత కొన్నేళ్లకు వచ్చింది. ముగ్గురి బండ్లూ ఒకే పట్టా మీద నడుస్తాయి, ముగ్గురి పెట్టెలూ పక్కపక్కన పెట్టొచ్చు. చిక్కంతా అక్కడే ఉంది.

ఇక్కడ 1928 సంగతి చెప్పుకోవాలి. ఎడ్వర్డ్ ఐవ్స్ 1868లో మొదలుపెట్టిన కంపెనీ అప్పటికి అరవయ్యేళ్లది. అమెరికాలో పిల్లల రైళ్లంటే ఒకప్పుడు ఐవ్సే. బొమ్మ చెడితే బాగుచేసి ఇచ్చే విషయంలో లెక్క చూసుకోని కంపెనీ అని పేరు. ఆ ఏడాది దివాలా తీసింది. పోటీదారులైన లయొనల్, అమెరికన్ ఫ్లయర్ ఇద్దరూ కలిసి దాన్ని కొన్నారు. ఐవ్స్ దగ్గర వాళ్లకు కావలసిన విద్య ఒకటి ఉంది. కరెంటు ఆపి మళ్లీ ఇస్తే చాలు, ఇంజను ముందుకు వెళ్లేది ఆగుతుంది, మళ్లీ ఆపి ఇస్తే వెనక్కి వెళ్తుంది. 1924 నుంచి ఐవ్స్ ఇంజన్లలో ఉన్న ఆ ఏర్పాటు తర్వాత లయొనల్ ఇంజన్లలోకి చేరింది.

కొన్నాక ఇద్దరూ బ్రిడ్జ్‌పోర్ట్ ఫ్యాక్టరీని వెంటనే మూయలేదు. కొంతకాలం ఐవ్స్ పేరు మీదే బొమ్మలు అమ్మారు. కొత్త అచ్చులకు డబ్బు ఖర్చుపెట్టకుండా, తమ దగ్గర తయారవుతున్న రేకు పెట్టెలను బ్రిడ్జ్‌పోర్ట్‌కు పంపారు. కొన్ని ఫ్లయర్ పెట్టెలు, కొన్ని లయొనల్ పెట్టెలు. వాటి కింద ఐవ్స్ చక్రాల చట్రాలు బిగించి, ఐవ్స్ ఇత్తడి రేకులు తొడిగి కేటలాగులో పెట్టారు. 1930లో ఫ్లయర్ వాటా కూడా లయొనల్ కొనేసింది. సామానంతా న్యూజెర్సీలోని ఇర్వింగ్టన్‌కు తరలించింది. ఆ ఊరు మా ఇంటి నుంచి కారులో ఎంతో దూరం లేదు. మరికొద్ది ఏళ్లకు ఐవ్స్ పేరే మాయమైంది. ఈ మధ్యకాలపు సరుకును సేకర్తలు ఐవ్స్ ట్రాన్సిషన్ అంటారు. పెద్దాయన పెట్టె ఆ కోవలోదైతే పుట్టిల్లు షికాగో, మెట్టినిల్లు బ్రిడ్జ్‌పోర్ట్. నకిలీ అన్నవాడి మాటలో సగం నిజమే, కానీ తీర్పు తప్పు.

అయితే అనుకోవడం వేరు, నిలబెట్టడం వేరు. ఫ్లయర్ పెట్టెకు ఎవరైనా ఐవ్స్ రేకు తగిలించవచ్చు. పాత బొమ్మలకు కొత్త రేకులు చేసి అమ్మేవాళ్లు ఉన్నారు, వాటితో పాడైన బొమ్మలను బాగుచేసుకునేవాళ్లూ ఉన్నారు. కాబట్టి రేకు మీది అక్షరాలు సాక్ష్యం కాదు, రేకు కూర్చున్న తీరే సాక్ష్యం. తలుపు జరిపి లోపలికి టార్చి వేసి చూశాం. రేకు కొసలు పెట్టెకు పెట్టిన సన్నటి గాట్లలోంచి లోపలికి వచ్చి మడతపడి ఉన్నాయి. మడిచిన ఇత్తడిని విప్పి మళ్లీ మడిస్తే ఆ గీత దగ్గర చిట్లుతుంది. ఇక్కడ చిట్లలేదు. గాట్ల అంచుల మీదకు కూడా రంగు పాకి ఉంది, ఎక్కడా ఉత్త రేకు బయటపడలేదు. అంటే గాట్లు రంగుకు ముందే పెట్టారు, రేకు ఒకసారే తొడిగారు.

బోర్లించిన అడుగు ఇంకా ఎక్కువ మాట్లాడింది. చక్రాల చట్రాలు ఆనిన చోట రేకు మీద గుండ్రటి రాపిడి గుర్తులు ఉన్నాయి. అవి ఈ చట్రాల కొలతకే ఉన్నాయి, వాటి పక్కన వేరే కొలత గుర్తులు లేవు. దీని కింద ఇంకో కంపెనీ చక్రాలు ఏనాడూ తిరగలేదన్నమాట. ఈ ఆలోచన బాపుది. తలుపు, పేరు, రంగు దేన్నీ ఆయన పట్టించుకోలేదు. ఫోన్‌ను ఆ గుర్తుల దగ్గరగా పెట్టించి, కోణం మార్చి మార్చి చూపించమని అడిగాడు. రిటైరైన మనిషి కళ్లద్దాలు సర్దుకుంటూ స్క్రీన్‌లోకి వంగి, ఇక్కడి వ్యాగన్ అడుగును అక్కడి నుంచి పరీక్షిస్తుంటే నాకు చెప్పలేని గర్వం కలిగింది. ఆయన విద్యకు జానెడున్నర పెట్టె చిన్నదేమీ కాదు.

తర్వాత పెన్సిల్వేనియాలోని స్ట్రాస్‌బర్గ్ వెళ్లాం. 1954లో మొదలైన ట్రెయిన్ కలెక్టర్స్ అసోసియేషన్ వాళ్ల బొమ్మ రైళ్ల మ్యూజియం అక్కడే ఉంది. పాత రైళ్ల మీద ఇష్టమున్నవాళ్లకు మంచి రోజు గడుస్తుంది, పక్కనే అసలు ఆవిరింజను బండి కూడా ఎక్కవచ్చు. కానీ అద్దాల బీరువాలో ఉన్నదాన్ని బోర్లించి చూడలేం కదా. మాకు పనికొచ్చింది యార్క్. ఆ ఊళ్లో ఏటా ఏప్రిల్‌లో, అక్టోబర్‌లో ఆ సంఘం వాళ్ల సంత జరుగుతుంది. బల్లల వరసల మధ్య నడుస్తుంటే పాత రంగు, మిషన్ నూనె కలిసిన వాసన. ఒక సేకర్త తన ఫ్లయర్ పశువుల పెట్టెను మా పెట్టె పక్కన పెట్టనిచ్చాడు. చీలికల వరస, తలుపు నడిచే పట్టీ, పైకప్పు అంచు వంపు, అన్నీ ఒకే అచ్చులోవి. తేడా అంతా చక్రాల దగ్గరే. రెండు బల్లల అవతల ఇంకొకాయన ముందు నాటి అసలైన ఐవ్స్ పెట్టెను బోర్లించి చూపించాడు. ఆ చట్రాలు, ఈ చట్రాలు ఒకటే. డబ్బు మాట ఎవరూ ఎత్తలేదు. ఒక పెట్టె చుట్టూ అంతమంది అపరిచితులు తలలు వంచి నిలబడ్డారు, అదే నాకు నచ్చింది.

అక్కడే ఒకరు ఒక స్క్రూ చూపించారు. చట్రాన్ని అడుగుకు పట్టి ఉంచే వాటిలో ఒకదాని తల మీద ప్లస్ గుర్తు ఉంది. ఆ రకం స్క్రూకు హెన్రీ ఫిలిప్స్ పేటెంట్లు వచ్చింది 1936లో. ఐవ్స్ ఫ్యాక్టరీలో అది ఉండే అవకాశమే లేదు. మిగతావన్నీ ఒంటి గీత స్క్రూలే. పెద్దాయన ముఖం వాడింది. కాసేపటికి ఆయనే గుర్తుచేసుకున్నాడు: చిన్నప్పుడు చక్రం ఊడితే నాన్న వంటింటి బల్ల మీద పెట్టి బిగించాడు. ఆ స్క్రూ నాన్నదే.

ఇంటికొచ్చాక పెట్టెతో పాటు ఉంచడానికి ఒక చీటీ రాద్దామనుకున్నాం. వాళ్లమ్మ చేసిందని రాయాలని పెద్దాయనకు ఉంది. ఆమె ఆ ఫ్యాక్టరీలో ఏ బల్ల దగ్గర ఏ పని చేసిందో కాగితం ఏదీ లేదు. కుటుంబం చెప్పుకునే మాటను కుటుంబం మాటగానే రాద్దామన్నాను, ఒప్పుకున్నాడు. ఒంటి గీత పాత స్క్రూ ఒకటి యార్క్‌లో దొరికింది, మార్చనా అని బాపును అడిగాడు. బాపు వద్దన్నాడు. మన దగ్గర వ్యాగన్‌కు ఓవర్‌హాలింగ్ అయితే ఏ వర్క్‌షాపులో, ఏ తేదీన అయిందో దాని ఒంటి మీదే రాస్తారు, మరమ్మతును ఎవరూ దాచరు అని నాచేత ఇంగ్లీషులో చెప్పించాడు.

చీటీలో చివరికి ఇలా ఉంది: పెట్టె, షికాగో, అమెరికన్ ఫ్లయర్. చక్రాలు, పేరు రేకులు, బిగింపు, బ్రిడ్జ్‌పోర్ట్, ఐవ్స్, 1928 తర్వాత, 1930 లోపు. అమ్మ అప్పట్లో అక్కడ పనిచేసిందని కుటుంబం చెప్పే మాట. ఒక స్క్రూ, నాన్న మరమ్మతు, 1936 తర్వాత.