వాహన క్షేమము – ద్వారపాలకుని వివేకము

యోగమనగా లభింపనిదానిని పొందుట. క్షేమమనగా లభించినదానిని కాపాడుకొనుట. భాష్యకారులు ఈ జంటపదమును ఇట్లే విడదీసి చెప్పినారు. లోకము మాత్రము మొదటిదానికి పడినంత శ్రమ రెండవదానికి పడదు. కాపాడుకొను బాధ్యతను దేవునికో, యంత్రమునకో, పొరుగువానికో అప్పగించి నిద్రపోవుటకే మనస్సు మొగ్గును.

విశాఖపట్నమున ఈ అప్పగింతను కన్నులారా చూడవలెనన్న ఆసీలుమెట్టలోని సంపత్ వినాయగర్ సన్నిధికి పోవలెను. వాహనము కొన్నవాడు దానిని ఇంటికి చేర్చకమునుపే అచ్చట నిలుపును. బానెట్టుపై పసుపుకుంకుమలతో స్వస్తికము, ఎదుట కొబ్బరికాయ, చక్రముల క్రింద నిమ్మకాయలు. 1971 యుద్ధసమయమున తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ నగరరక్షణ కోరి ఈ స్వామికి కొబ్బరికాయలు కొట్టించినారని నగరవృద్ధులు నేటికిని చెప్పుకొందురు. ఆ డిసెంబరు మాసారంభముననే ఘాజీ అను శత్రు జలాంతర్గామి ఈ తీరమున మునిగినది. ఆ పిమ్మట ఈ ఊరివారికి వినాయకుడు విఘ్ననాయకుడే కాక కావలివాడును అయినాడు.

ఆ సన్నిధిలో పూజలందుకొన్న ఒక పాత కారు వృత్తాంతమిది. ఉక్కు కర్మాగారమున విద్యుత్ విభాగములో పనిచేసి విరమించిన గృహస్థు ఒకరు గాజువాకలో నివసింతురు. భార్యకు మోకాళ్ళ నొప్పులు. ప్రతి మాసము సింహాచలమునకు బస్సులో పోయి వచ్చుట ఆమెకు దుస్సాధ్యమైనది. అందుకై భవిష్యనిధి సొమ్ములో కొంత వెచ్చించి, ఒకరు వాడి అమ్మిన చిన్న కారును ఆయన కొన్నారు. అపార్టుమెంటు క్రింద స్థలము చాలదు గనుక రాత్రులు దానిని వీధిలోనే నిలుపవలెను. అదే వీధిలో మరియొకరి కారు బ్యాటరీని రాత్రికి రాత్రి ఎవరో ఊడదీసికొనిపోగా ఈయనకు నిద్ర దూరమైనది. ఆటోనగర్‌కు పోయి అలారము పెట్టె కొని తెచ్చినారు. దుకాణదారు బిగించి ఇచ్చెదనన్నను ఒప్పుకొనలేదు. "ముప్పదియేండ్లు తీగలతోనే బ్రతికినాను బాబూ, ఈ నాలుగు తీగలకు కూలి ఎందుకు?" అన్నారు.

ఆయన పనిచేసిన క్రమము చూడదగినది. మొదట బ్యాటరీ ఋణధ్రువపు తీగను విప్పి ప్రక్కకు ఒదిగించినారు. దానిని తిరిగి కలుపుట అన్నిటికంటె చివరి పని. నల్లతీగను రంగు గీకిన లోహపు బోల్టునకు బిగించినారు. ఎర్రతీగ బ్యాటరీ నుండి నిరంతరము 12 వోల్టులు తెచ్చునది. దానికి బ్యాటరీ చెంతనే ఫ్యూజు ఉండవలెను. దూరముగా పెట్టిన ఫ్యూజు, మధ్యలో తీగ ఒరిసి నిప్పు పుట్టినచో ఎందుకును కొరగాదు. తాళము త్రిప్పినప్పుడు మాత్రమే విద్యుత్తు వచ్చు తీగ ఏదో, తలుపు తెరచినప్పుడు భూమితో కలియు తీగ ఏదో ఊహతో నిర్ణయింపక, అవసరమైనప్పుడు మాత్రమే బ్యాటరీని తాత్కాలికముగా కలిపి, మల్టీమీటరుతో పరీక్షించి తెలిసికొన్నారు. పసుపురంగు తొడుగు ఉన్న తీగల జోలికి పోలేదు, అవి గాలిసంచులవి. సైరనును ఇంజను ప్రక్కన, వేడికి దూరముగా, వాననీరు నిలువకుండ నోరు క్రిందికి ఉండునట్లు అమర్చినారు. ఇనుపగోడ దాటు తీగలకు రబ్బరు తొడుగు వేసినారు.

సముద్రతీరవాసులు గమనింపవలసిన విషయమొకటి కలదు. తీగలను మెలిపెట్టి టేపు చుట్టి వదలినచో, ఉప్పుగాలికి రాగి పచ్చబారి, అతుకు కొన్నాళ్ళకే చెడును. ఆయన ప్రతి అతుకునకు టంకము వేసి, వేడికి ముడుచుకొను గొట్టమును తొడిగినారు. పిమ్మట, కారు నిలిచియుండగా యంత్రము తాగు విద్యుత్తును కొలిచినారు. 20 మిల్లీ ఆంపియర్లు. దినమునకు అర ఆంపియర్-గంటకు కొంచెము తక్కువ. 45 ఆంపియర్-గంటల బ్యాటరీ సగమగుటకు నెలన్నర పట్టును. కావలివాడు తినునది ఎంతో ముందుగా తెలిసికొనుట గృహస్థధర్మమే.

ఒక్కచోట మాత్రము ఆయన ఉదారముగా వ్యవహరించినారు. కంపనమును పసిగట్టు చిన్న పెట్టెకు ఒక మర ఉండును. త్రిప్పినకొలది సున్నితత్వము పెరుగును. రక్షణ ఎంత ఉన్న అంత మేలని దానిని చివరివరకు త్రిప్పినారు.

తొలిరాత్రి ఒంటిగంటకు సైరను మోగినది. పరుగున దిగి చూడగా ఎవరును లేరు; ఓడరేవు వైపు పోవు భారీ లారీ వీధి మొగ దాటిపోయినది. తెల్లవారుజామున పిల్లి బానెట్టుపైకి దూకగా మరల మోగినది. వారము గడచునప్పటికి లెక్క తప్పినది. 2000 నాటి శబ్దకాలుష్య నియమముల ప్రకారము నివాసప్రాంతమున రాత్రివేళ హద్దు 45 డెసిబెళ్ళు. సైరను కూత నూరు డెసిబెళ్ళకు పైబడినది. పై అంతస్తు వృద్ధుడు మొదట కిటికీ తెరచి అడిగినాడు, తరువాత కిటికీ మూసికొన్నాడు. వీధి అంతయు మూసికొన్నది. "నాన్నా పులి" కథ తెలియని తెలుగువాడు లేడు గాని, ఆ కథలోని పిల్లవాడు కావలెనని అబద్ధమాడినాడు. ఈ యంత్రము అబద్ధమాడలేదు. దాని దోషము మరియొకటి.

తర్కశాస్త్రము దానిని సవ్యభిచారమందురు. పొగ ఉన్నచోట నిప్పు తప్పక ఉండును. నిప్పు ఉన్నచోటెల్ల పొగ ఉండదు. ఎర్రగా కాలిన ఇనుపముద్ద దీనికి శాస్త్రప్రసిద్ధమైన దృష్టాంతము. పాఠశాలలలో శిష్యులు కంఠస్థము చేయు ఆ తప్తాయఃపిండమును ఈ గృహస్థుడు ఉద్యోగమున్నన్నాళ్ళు దినదినము కన్నులతో చూచినారు: నిప్పే గాని పొగలేదు. అటులనే దొంగ చేయివేసిన కారు కదలును. కదలిన కారుపై దొంగ చేయి ఉండి తీరవలెనను నియమము లేదు. యంత్రము ఎరుగునది కంపనమును మాత్రమే. కంపనమునుండి చోరుని ఊహించి అరచుట హేత్వాభాసము.

ద్వారమున నిలిచినవానికి వివేకము లోపించిన ఏమగునో భాగవతము మూడవ స్కంధమున కలదు. వైకుంఠ ద్వారపాలకులైన జయవిజయులు సోమరులు కారు, అమ్ముడుపోయినవారు కారు. మితిమీరిన జాగరూకతతో సనకాది మునులను దిగంబర బాలకులని తలచి అడ్డగించినారు. ఆ శాపఫలముగా హిరణ్యాక్ష హిరణ్యకశిపులై జన్మించినారు. ఒకనికై వరాహము, ఇంకొకనికై నారసింహము అవతరింపవలసి వచ్చినది. ఆ రెండు రూపములును ఏకమై సింహాద్రిపై చందనము క్రింద నిలిచియున్నవి. కొండనెక్కువారిలో ఎందరు ఈ అర్చామూర్తిని చూచునప్పుడు ఆ ఇద్దరు కావలివారిని తలచుకొందురో!

పదునెనిమిదవ దినమున రాత్రి రెండు దాటిన పిదప సైరను మోగినది. గృహస్థుడు మంచముపైనుండియే మీట నొక్కి ఆపినారు. మరల మోగినది. మరల ఆపినారు. మూడవసారి భార్య లేచి, "ఏమండీ, ఒక్కసారి చూడరాదా, లారీ చప్పుడేమియు వినబడలేదు" అన్నది. నొప్పి మోకాళ్ళతో ఆమెయే ముందు దిగినది. అపార్టుమెంటు కావలివాడు కారు తలుపునకు చేరగిలబడి నేలపై కూర్చొని యున్నాడు. ఒడలంతయు చెమట. "కళ్ళు తిరిగినాయమ్మా. పట్టుకుందామని కారు మీద సెయ్యేసినాను" అన్నాడు. చక్కెర జబ్బు, రాత్రి భోజనము మానినాడట. ఆమె చక్కెర కలిపిన నీరు త్రాగించినది, ఆయన అదే కారులో ఆసుపత్రికి తీసికొనిపోయినారు. వైద్యులు ఉదయమునకే పంపివేసినారు గాని, మొదటి కూతకును మూడవ కూతకును నడుమ పోయిన కాలము ఎంతయో ఆయన ఎవరికిని చెప్పలేదు.

మరునాడు పెట్టె విప్పి, మరను వెనుకకు త్రిప్పినారు. అరచేతితో అద్దమును తట్టి చూచినారు, పలుకలేదు. గట్టిగా తట్టినప్పుడు పలికినది. ఆ రాత్రి లారీలు పోవువరకు కారు ప్రక్కన కుర్చీ వేసికొని కూర్చొని, ఇంకొక పావు చుట్టు తగ్గించినారు. పై అంతస్తు వృద్ధుని ఇంటికి పోయి, "మాష్టారూ, ఇక ఇది ఊరకే మోగదు. మోగినదా, దయచేసి ఒకసారి కిటికీ తెరవండి" అని కోరినారు. ఆ విధముగానే తక్కిన ఇండ్లకును పోయినారు.

అలారముతో రెండు రిమోటులు వచ్చును. రెండవది భార్య పెట్టెలో ఊరక పడియున్నది. దానిని కావలివాని చేతికిచ్చి, ఏ మీట నొక్కిన సైరను మోగునో చూపినారు. "బాబూ, ఇది నాకెందుకు, కారు మీది కదా" అని వాడు సంకోచించినాడు. "కారు కోసము కాదు, నీకు ఒంట్లో బాగులేనప్పుడు నొక్కు" అన్నారు ఆయన. వాడు దానిని అప్పన్న బొమ్మ ఉన్న తన తాళపుచెవుల గుత్తికి కట్టుకొన్నాడు.