బల్ల

మా అమ్మ మాత్రలు దాచేది. బియ్యం కుండలో, పాత చీర మడతల్లో. నా కంటబడేసరికి పదకొండు పోగయ్యాయి.

2013 నాటి మాట. మాది శ్రీకాకుళం జిల్లా, నాగావళి ఒడ్డున మాలపేట. నాకు కొత్తగా టీచరుద్యోగం వచ్చింది. అమ్మకి ఏడాదిగా ఎడమ డొక్క కింద గట్టిగా ఉండేది. "బల్ల పెరిగింది" అని పేటలో పసరు తాగించారు, వాతలు పెట్టించారు. ఆ కడుపుతోనే కామందుల మడుల్లో ఒంగి కలుపు తీసింది. విశాఖపట్నం తీసుకెళ్తే, బల్ల నిజమే, దానికి కారణం రక్త కేన్సరన్నారు. కౌంటరు దగ్గర గుమాస్తా నా కులం అడిగి తెలుసుకుని, "మీవోళ్లకి అన్నీ ఉచితమే కదా" అని నవ్వాడు. మందుకి నా జీతంలో సగం పోయేది.

మందు పేరు ఇమాటినిబ్. రోజూ 400 మిల్లీగ్రాముల మాత్ర, అన్నంతోపాటు, పెద్ద గ్లాసు నీళ్లతో. ఈ జబ్బులో 9వ, 22వ క్రోమోజోముల ముక్కలు చోట్లు మార్చుకుంటాయి. ఆ అతుకులోంచి పుట్టిన ప్రొటీను తెల్లకణాల్ని అదుపు లేకుండా పెంచుతుంది. పాత కీమో మందులు మంచి కణాల్నీ కొడతాయి. ఇది గురిచూసి ఆ ప్రొటీను పని ఆపుతుంది. మా రక్తమే తక్కువదన్న ఊరికి చెప్పాలనిపించింది, పరీక్షలో తేలింది జబ్బే గాని కులం కాదని.

స్విట్జర్లాండు కంపెనీ నోవార్టిస్ అమ్మిన గ్లివెక్ నెలకి సుమారు 1,20,000 రూపాయలు. హైదరాబాదు నాట్కో 2003లో అదే మందుని వీనాట్ పేరుతో తెచ్చింది. మన కంపెనీల మాత్రలు నెలకి ఎనిమిది, పదివేలకి దొరికేవి. నోవార్టిస్ పేటెంటు అడిగింది. ముంబయి కేన్సర్ పేషెంట్స్ ఎయిడ్ అసోసియేషన్ అడ్డం నిలబడింది. పాత మందుకి కొత్త రూపమిస్తే చాలదు, మరింత బాగా పనిచేస్తుందని చూపాలంటుంది మన పేటెంటు చట్టంలోని సెక్షన్ 3(డి). 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు నోవార్టిస్ అప్పీలు కొట్టేసింది.

అంత పోరాడి నిలబెట్టిన మాత్రని అమ్మ కుండలో దాచింది.

"ఒక మాత్రంటే రెండ్రోజుల కూలి కదరా నాయినా. ఒక్క గుటకలో ఎలా మింగీమంటావు? నీ సెల్లికి పెళ్లి సెయ్యాల."

కోపమొచ్చింది. ఎవరిమీదో తెలీలేదు. "అమ్మా, కలుపు రోజు మార్చి రోజు తీస్తే కామందు ఊరుకున్నాడా?" అన్నాను.

"ఊరుకోడు. సేనంతా కమ్మేస్తాది."

"నీ రక్తంలోనూ అంతే."

అమ్మ చాలాసేపు మాటాడలేదు. లేచి గ్లాసుతో నీళ్లు తెచ్చుకుంది.

ఇప్పటికీ వేసుకుంటోంది. చెల్లి పెళ్లి అప్పుతోనే చేశాం. ఆ పదకొండు రోజులు మాత్రం నేను మరిచిపోలేదు. ధర దిగినా మా గడప దాకా దిగలేదు.