నీళ్లు కట్టని టమాటా

మూడు వారాల కాలిఫోర్నియా యాత్రలో యోసెమిటీ కొండలూ, గోల్డెన్ గేట్ వంతెనా చూశాం. వాటి సంగతి మా అల్లుడి ఫోన్‌లోని ఫోటోలు నాకంటే బాగా చెబుతాయి. నాకు మిగిలింది సెప్టెంబరులో ఒక శనివారం పొద్దున, శాన్‌ఫ్రాన్సిస్కో ఫెర్రీ బిల్డింగ్ వెనకాల తిన్న టమాటా ముక్క.

"సంతకు పోదాం నాన్నా, అంతా రైతులే తెచ్చి అమ్ముతారు" అని అమ్మాయి ఫ్రీమాంట్‌లో రైలెక్కించింది. సంతంటే నేను మదనపల్లె టమాటా యార్డు చూసినవాణ్ణి. క్రేట్లు, లారీలు, వేలంపాట కేకలు, కాళ్ల కింద నలిగిన కాయల పులుపు వాసన. ఇక్కడ ఒక్క కేక లేదు. తెల్ల గుడారాలు, సముద్రపు గాలి, గొలుసులకు కట్టిన కుక్కలు, కాఫీ కోసం మన రేషన్ షాపును తలదన్నే క్యూ. సెప్టెంబరని నమ్మి స్వెట్టర్ తెచ్చుకోలేదు, వణికాను.

ఆ ఫెర్రీ బిల్డింగ్ 1898 నాటిది. 245 అడుగుల గడియారపు గోపురం 1906 భూకంపాన్ని కూడా తట్టుకుంది. తర్వాత దాని మొహానికి అడ్డంగా రెండంతస్తుల హైవే కట్టి, ఊరికి తీరం కనబడకుండా చేశారు. 1989లో మళ్లీ భూమి కంపించి ఆ హైవే దెబ్బతింది, 1991లో కూల్చేశారు. ఖాళీ అయిన ఆ ఒడ్డుకే రైతులు చేరారు. భూకంపం పుణ్యమా అని వెలిసిన సంతను ఇక్కడే చూశాను.

ఒక గుడారంలో అట్టమీద 'డ్రై ఫార్మ్‌డ్ ఎర్లీ గర్ల్' అని రాసి ఉంది. కాయ పెద్ద నిమ్మకాయంత. పౌను ఐదు డాలర్లు, అంటే అరకిలో కూడా లేదు.

"ఏమ్మా, దీంట్లో ఏముంది అంత?"

"నీళ్లు కట్టకుండా పండించారంట నాన్నా."

మా వైపు మెట్టచేను ఉందంటే పిల్లనిచ్చేవాడు వెనకాడతాడు. వీళ్లు అదే మాట అట్టమీద రాసి రేటు పెంచుకున్నారు!

అమ్ముతున్న అమ్మాయి ఓపిగ్గా చెప్పింది, మా అమ్మాయి తెలుగు చేసింది. సాంటాక్రూజ్ తీరంలో వానంతా చలికాలంలోనే, వేసవిలో చుక్క రాలదు. మట్టిలో తేమ ఉండగానే నారు నాటి, వేరు పట్టేదాకా కాసిన్ని నీళ్లు పోసి, ఆపైన ఆపేస్తారు. పైమట్టిని దున్ని దుమ్ము చేస్తారు, కింది తేమ ఎగిరిపోకుండా. వేర్లు తడి వెతుక్కుంటూ లోతుకు దిగుతాయి. కాయలు తక్కువ, అవీ చిన్నవి, రుచి మాత్రం చిక్కన.

దుమ్ము అనేసరికి నా చెవి నిక్కింది. అది గుంటక తోలడమే కదా! పదును ఆరిపోతుందని మా నాయన వేరుశనగ చేలో ఎద్దులను అదిలిస్తూ చేసిందీ అదే. "ఇది నాటు విత్తనమేనా?" అని అడిగించాను. కాదట, హైబ్రిడ్. ఇలాంటి పంటంటే నాటు విత్తనమే అనుకునే నా పాండిత్యం అక్కడితో సరి.

ముక్క కోసి ఇచ్చింది. ముందు తీపి, వెంటనే పులుపు, చివర్లో ఎవరో ఉప్పు చల్లినట్టు. నోట్లో నీళ్లుగా జారిపోలేదు, కండ ఉంది. ఇది పడితే చారుకు చింతపండు అక్కర్లేదు. రూపాయల్లోకి మార్చనని మాటిచ్చి రెండు పౌన్లు కొన్నాను. నీటి ఒడ్డున బల్లమీద కూర్చుని, బే బ్రిడ్జి చూస్తూ నాలుగు అక్కడే తినేశాను. పుల్లటి సోర్‌డో రొట్టె కూడా కొన్నాం. అమ్మాయికి నచ్చింది, నాకు దవడ నొప్పి.

రాత్రి ఊళ్లో తమ్ముడికి ఫోన్ చేశాను. అక్కడ ఆదివారం పొద్దున, తోటలో ఉన్నాడు. చుక్క నీళ్లు కట్టకుండా టమాటా పండించి అంత రేటుకు అమ్ముతున్నారని కథంతా చెప్పాను. వాడు కాసేపు మాట్లాడలేదు.

"పాపం, బోరు ఎండిపోయిందేమో అన్నా వాళ్లకు?" అన్నాడు.