రెండు నదుల నడుమ

ఉత్తర లావోస్ కొండల మధ్య, మెకాంగ్ మహానదిలో నామ్ ఖాన్ నది సంగమించే చోట లువాంగ్ ప్రబాంగ్ పట్టణం ఉంది. 1353లో ఫా న్గూమ్ స్థాపించిన లాన్ సాంగ్ రాజ్యానికి ఇది రాజధానిగా వెలిగింది. 'లాన్ సాంగ్' అంటే పది లక్షల ఏనుగులని అర్థం. బౌద్ధ విహారాలతో, పాతకాలపు ఇండ్లతో అలరారే ఈ పట్టణాన్ని 1995లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

ఒక యాత్రికుడు ఈ పట్టణాన్ని ఒక్క దినంలో చూడాలని వచ్చాడు. తూర్పు తెల్లవారక ముందే కెమెరాతో ప్రధాన వీధికి చేరుకొన్నాడు. కాషాయాంబరధారులైన భిక్షువులు పాదరక్షలు లేకుండా బారులు తీరి వస్తున్నారు. వీధి పక్కన చాపలపై మోకరిల్లిన గృహస్థులు వెదురుబుట్టల నుండి జిగురు బియ్యపు అన్నాన్ని చిన్న చిన్న ముద్దలుగా తీసి భిక్షాపాత్రలలో వేస్తున్నారు. ఇచ్చేవారు మాట్లాడరు, స్వీకరించేవారూ మాట్లాడరు. ఆ ప్రశాంతతను కెమెరాల మెరుపులు మాత్రమే భంగపరుస్తున్నాయి. యాత్రికుడు కూడా భిక్షువుల సమీపానికి అడుగు వేశాడు. ఒక వృద్ధురాలు తలయెత్తి, వెనుకకు జరగమన్నట్లు అరచేతితో సైగ చేసింది. ఆమె ముఖంలో కోపం లేదు. అతడు సిగ్గుపడి వీధికి ఆవలి వైపుకు తప్పుకొన్నాడు.

పిమ్మట అతడు వాట్ సియెంగ్ థాంగ్ విహారాన్ని దర్శించాడు. 1560 ప్రాంతంలో సెత్తాతిరాత్ రాజు నిర్మించిన ఈ ఆలయపు కప్పులు అంచెలంచెలుగా దిగివచ్చి నేలను తాకుతున్నట్లుంటాయి. వెనుక గోడపై రంగుటద్దాల ముక్కలతో ఒక మహావృక్షాన్ని తీర్చారు. అక్కడికి చేరువలోని రాజప్రాసాదం, 1975లో రాచరికం అంతరించిన తరువాత ప్రదర్శనశాల అయింది. పట్టణానికి పేరునిచ్చిన 'ఫ్రా బాంగ్' బుద్ధ విగ్రహం ఆ ఆవరణలోనే ఉంది. లావో ప్రజల రామాయణానికి 'ఫ్రా లక్ ఫ్రా లామ్' అని పేరు. అందులో రాముని కంటె ముందు లక్ష్మణుని పేరు పలుకుతారని తెలిసి యాత్రికుడు ముచ్చటపడ్డాడు.

మధ్యాహ్నం సందుల వెంట నడుస్తుండగా మరొక విషయం అతనికి అవగతమైంది. పాత ఇండ్లలో అనేకం వసతిగృహాలుగా, భోజనశాలలుగా మారాయి. ఆ ఇండ్లను వ్యాపారానికి అప్పగించి ఎన్నో కుటుంబాలు పట్టణపు అంచులకు తరలిపోయాయి. భిక్షువులు వండుకొనరు, గృహస్థులు పెట్టినదే వారికి ఆహారం. గృహస్థులే లేని వీధిలో విహారం ఎవరి ఆదరువుతో నిలుస్తుంది? గోడలను, కప్పులను చట్టం కాపాడగలదు. వేకువనే తలుపు తెరిచి అన్నం పెట్టే చేతిని ఏ చట్టం నిలుపగలదు? యాత్రికుల రాక పట్టణానికి జీవనాధారమైంది. దాని జీవనరీతిని మార్చివేస్తున్నదీ ఆ రాకయే.

సాయంకాలం అతడు మూడు వందలకు పైగా మెట్లెక్కి, పట్టణం నడుమనున్న ఫూసీ కొండ శిఖరానికి చేరాడు. మెకాంగ్ ఆవల అస్తమిస్తున్న సూర్యుని వైపు అందరూ కెమెరాలు ఎత్తారు. అతడు మాత్రం దిగువనున్న ఇండ్ల కప్పులను చూస్తూ నిలబడ్డాడు. వేకువన పెట్టే అన్నానికి ముందు రాత్రే బియ్యం నానవేయాలి. తనను వెనుకకు జరగమన్న ఆ వృద్ధురాలు ఈపాటికి బియ్యం కడుగుతూ ఉండవచ్చు. ఒక్కొక్కటిగా దీపాలు వెలిగాయి. వాటిలో కాపురాలున్న ఇండ్లవి ఎన్నో, వసతిగృహాలవి ఎన్నో అంత ఎత్తు నుండి అతనికి తెలియలేదు.